ఆటలో పుట్టే మాట

(సమాఖ్య మహిళా కార్యకర్తలకూ కాలనీ శాఖల బాధ్యులకూ జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతి కార్యక్రమపత్రం చూచి కొందరు మిత్రులు మమ్ములను నవ్వుతూ ఒక ప్రశ్న వేసినారు. "కరువుభత్యం, పింఛను, ఖాళీల భర్తీ, ఇన్ని సమస్యలు నెత్తిమీద ఉండగా, మూడేళ్ళ పిల్లల ఆటపాటల మీద యూనియన్‌లో ప్రసంగమేమిటి?" అని. ప్రశ్న సబబైనదే. మనకు అలవాటైన లెక్కలతోనే సమాధానం మొదలుపెడతాము.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు లభించే పిల్లల విద్యాభత్యం ఏడవ వేతన సంఘం సిఫారసుల తరువాత ఒక్కొక్క బిడ్డకు నెలకు 2,250 రూపాయలుగా నిర్ణయమైనది. కరువుభత్యం 50 శాతానికి చేరినందున 2024 జనవరి 1 నుండి అది 2,812 రూపాయల 50 పైసలైనది. ఈ భత్యం ఒకటవ తరగతితో మొదలు కాదు. దానికి ముందున్న తరగతుల నుండే వర్తిస్తుంది. అనగా బిడ్డ పలక పట్టకముందే వాని చదువు పేరిట సొమ్ము వస్తున్నది. ఉద్యోగులు ఏళ్ళ తరబడి అడిగి సాధించుకొన్న సొమ్ము అది. ఆ సొమ్ము చేరుతున్న చోట మన బిడ్డకు ఏమి దక్కుతున్నది? ఈ ప్రశ్నను యూనియన్ అడుగకపోతే మరెవరు అడుగుతారు?

కొంతకాలం క్రిందట ఒక పెద్ద జంక్షన్ కాలనీకి శాఖా సమావేశం కొరకు వెళ్ళినాము. సమావేశం ముగిసిన తరువాత కీమన్‌గా పనిచేసే ఒక సోదరుడు మమ్ములను ప్రక్కకు పిలిచి తన బాధ చెప్పుకొన్నాడు. ఆయన కుమారునికి నాలుగేళ్ళు. పట్టణంలో ఒక ఇంగ్లీషు మీడియం నర్సరీలో చేర్చినారు. ఆరు నెలలైనా పిల్లవాడు అక్కడ నోరు విప్పలేదు. "మీవాడు మూగవాడేమో, డాక్టరుకు చూపించండి" అని బడివారు కబురు చేసినారు. "ఇంట్లో మాత్రం వాగుతూనే ఉంటాడండీ! చెవులు బాగున్నవని డాక్టరు కూడా చెప్పినాడు. బడి గుమ్మం దాటగానే ఏమవుతుందో తెలియడం లేదు" అని ఆ తండ్రి వాపోయినాడు.

ఏమవుతుందో తెలుసుకొనుటకు పెద్ద పరిశోధన అవసరం లేకపోయినది. నలభై మంది పిల్లలు వరుసలుగా బెంచీల మీద కూర్చుంటారు. చేతులు కట్టుకొనవలెను. టీచరు చెప్పినదానిని అందరూ ఒక్క గొంతుతో తిరిగి చెప్పవలెను. ఇంటి మాట నోట వస్తే మందలింపు. ఆట అంటే శనివారం చివరి అరగంట. ఆ గదిలో పిల్లవానికి తెలిసిన మాట పనికిరాదు. పనికివచ్చే మాట వానికి తెలియదు. నోరు మూసుకొనక ఏమి చేస్తాడు?

అదే కాలనీలో ఇన్‌స్టిట్యూట్ వెనుక గదిలో కొందరు గృహిణులు కలిసి ఒక చిన్న బాలవాడి నడుపుతున్నారు. అక్కడ పంతులమ్మగా ఉన్నామె ఒక పాయింట్స్‌మన్ భార్య. ఆ పిల్లవానిని తల్లి అక్కడ చేర్చినది. మొదటి మూడు వారాలు వాడు అక్కడ కూడా గోడకు ఆనుకొనే కూర్చున్నాడు. ఆమె వానిని బలవంతపెట్టలేదు. ఒకనాడు పిల్లలు కుర్చీలు వరుసగా వేసి రైలుబండి ఆట మొదలుపెట్టినారు. ఒకడు డ్రైవరు, ఒకతె గార్డు. గార్డు హోదా పేరును 2022లో ట్రైన్ మేనేజర్‌గా మార్చినారు గాని, పిల్లల ఆటలో ఆయన ఇప్పటికీ గార్డే. ఈల మ్రోగినది, బండి కదలినది. అంతలో గోడ ప్రక్కనుండి ఒక కేక వినబడినది: "ఆపండి! ఆపండి! ఫిష్‌ప్లేటు బోల్టు ఊడిపోయింది!"

పిల్లలందరూ వానివైపు తిరిగినారు. ఫిష్‌ప్లేటు అంటే ఏమిటో డ్రైవరుకు తెలియదు, గార్డుకు తెలియదు. వానికి తెలుసు. రెండు పట్టాలు ఎట్లా కలుస్తాయో, బోల్టు వదులైతే ఏమవుతుందో, నాన్న స్పానరు ఎట్లా తిప్పుతాడో, ఎర్రజెండా ఎక్కడ పాతుతాడో వాడు చేతులు త్రిప్పుతూ చెప్పుకుపోయినాడు. "బోల్టు బిగించే దాకా బండి పోకూడదు, పోతే అందరూ పడిపోతారు" అన్నాడు. కారణం, షరతు, ఫలితం, మూడూ ఒక్క వాక్యంలో ఉన్నవి. ఆరు నెలలు మూగవాడనిపించుకొన్న పిల్లవాడు చెప్పిన వాక్యమది.

ఇది మంత్రం వేసినట్లు జరిగినదని మీరు అనుకొనవద్దు. మరునాడు వాడు మళ్ళీ కొంత ముడుచుకొన్నాడట. నిలకడగా మాట్లాడుటకు మరి రెండు నెలలు పట్టినదట. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఆట ఒక్కటే మందు అని కూడా మేము చెప్పడం లేదు. వినికిడి లోపమున్నదేమోనని అనుమానం కలిగితే ముందుగా వైద్యునికి చూపవలసినదే. ఆ తండ్రి చేసినది సరియైన పని. మేము చెప్పదలచినది ఒక్కటే: ఆ పిల్లవానిలో లోపం లేదు. వానికి చెప్పవలసిన సంగతి ఉన్నది, వినవలసినవారు ఉన్నారు, చెప్పక తప్పని అవసరం వచ్చినది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చినది ఆట.

ఆటలో భాష ఎట్లా పెరుగుతుందో కొంచెం వివరంగా చూద్దాము.

సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో పిల్లల ఆటను గురించి ఒక ప్రసంగం చేసినాడు. పిల్లవాడు కర్రను రెండు కాళ్ళ మధ్య పెట్టుకొని గుర్రమని పరుగెత్తుతాడు గదా, దానిని ఆయన ఉదాహరణగా తీసుకొన్నాడు. కంటికి కనబడేది కర్ర, మనసులో ఉన్నది గుర్రం. వస్తువు నుండి అర్థాన్ని విడదీసి మరొక వస్తువుకు తగిలించుట పిల్లవాడు అక్కడ నేర్చుకొంటున్నాడు. ఒక వస్తువు మరొకదానికి గుర్తుగా నిలువగలదని తెలిసిన బిడ్డకే, రేపు పలక మీద ఒక గీత ఒక ధ్వనికి గుర్తుగా నిలుస్తుందని చెప్పితే అర్థమవుతుంది. అక్షరానికి పునాది అక్షరాభ్యాసం నాడు పడదు, కర్రగుర్రం నాడే పడుతుంది.

మన తెలుగు పిల్లలు ఆటలో మాట్లాడే తీరును ఎన్నడైనా చెవియొగ్గి విన్నారా? "నేను డాక్టర్నంట. నువ్వు జ్వరమొచ్చినవాడివంట. ఇది సూదంట" అంటారు. ఈ చిన్న "అంట"లో ఎంత బుద్ధి ఉన్నదో గమనించండి. పెద్దల భాషలో "అంట" అనేది ఇతరులు చెప్పగా విన్న సంగతికి వాడే ముక్క. పిల్లలు దానిని తీసుకొని, "ఇది నిజం కాదు, మనమిద్దరం నిజమనుకొందామని ఒప్పుకొన్నది" అనే అర్థంలో వాడుతారు. నాలుగేళ్ళ వయసులో ఒక ఒప్పందం కుదుర్చుకొంటున్నారన్నమాట! ఒకడు ఒప్పుకొనడు. "కాదు, నేనే డాక్టర్ని" అంటాడు. అప్పుడు బేరం, వాదం, రాజీ నడుస్తాయి. యాజమాన్యంతో చర్చలకు కూర్చునే మనకు తెలుసు, చర్చ కంటె మాటకు పదును పెట్టేది మరొకటి లేదని.

పాత్ర మారినప్పుడు భాష కూడా మారుతుంది. ఇంట్లో అందరినీ "నువ్వు" అనే పిల్ల, ఆటలో డాక్టరమ్మ దగ్గరకు పోయి "మీరు చూడండి, మా పాపకు దగ్గు" అంటుంది. అమ్మ పాత్రలో బుజ్జగిస్తుంది, టీటీఈ పాత్రలో గద్దిస్తుంది, అమ్మమ్మ పాత్రలో సాగదీసి మాట్లాడుతుంది. ఎవరితో ఎట్లా మాట్లాడవలెనో పాఠం చెప్పి నేర్పలేము. గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు, దాగుడుమూతలు అని మన పెద్దలు పిల్లలకు వదలిపెట్టిన ఆటలన్నీ ఈ పనినే చేసినవి. వీధి ఇరుకైనది, ఇంటిలో ఫోను చేరినది, ఆ ఆటలు తగ్గినవి. కనుకనే ఇప్పుడు బడిగదిలో ఆటకు చోటు కల్పించవలసి వచ్చినది.

అయితే, పిల్లలను గదిలో వదలివేసి "ఆడుకోండి" అంటే సరిపోతుందా? సరిపోదు. ఆ పంతులమ్మ పనిని మేము ఒక ఉదయమంతా కూర్చుని చూచినాము. ఆమె ఖాళీగా కూర్చున్నట్లే కనబడుతుంది గాని ఎంత పని చేస్తున్నదో చెబుతాము.

ఆనాడు తపాలా ఆఫీసు ఆట. ముందునాడే ఆమె పిల్లలను కాలనీ పోస్టాఫీసుకు తీసుకొనిపోయి చూపించినది. ముద్ర వేయుట, ఉత్తరాలు వేరుచేయుట, సంచి కట్టుట, బట్వాడా, ఈ పనులూ పేర్లూ పిల్లలు కంటితో చూచి చెవితో విన్నారు. చూడనిదానిని ఆడలేరు, పేరు తెలియనిదానిని అడుగలేరు. గదిలో సామగ్రి అంతా ఖర్చులేనిదే: అట్టపెట్టెతో పోస్టుడబ్బా, వాడిన కవర్లు, బంగాళాదుంప ముక్కతో చేసిన ముద్ర, ఒక పాత గుడ్డసంచి. పిల్లలను నలుగురైదుగురు చొప్పున గుంపులు చేసినది. పాతికమంది కలిసి అరిస్తే ఒక్కరూ మాట్లాడినట్లు కాదు. నలుగురుంటే ప్రతివానికీ వంతు వస్తుంది.

ఆట నడుస్తుండగా ఆమె ఆజ్ఞలు వేయలేదు. తాను కూడా ఒక పాత్రగా లోపలికి పోయినది. "నాయనా, మా అబ్బాయి ఉత్తరం రాలేదు, ఏమైనదో చూస్తావా?" అని ముసలమ్మ అయినది. పోస్టుమాస్టరు పాత్రలో ఉన్న అయిదేళ్ళవాడు ఆలోచించి, "ఎక్కడినుంచి రావాలి? ఎప్పుడు రాశాడు? మీ ఇల్లెక్కడ?" అని ప్రశ్నలు వేసినాడు. ప్రశ్న వేయుట ఎంత కష్టమైన విద్యయో! మన బడులలో ప్రశ్న వేసేది టీచరు, జవాబు చెప్పేది పిల్లవాడు. ఇక్కడ ఆ వరుస తలక్రిందులైనది.

ఒక చిన్నపిల్ల "ఉత్తరం పోయింది" అన్నది. ఆమె, "అవును, ఉత్తరం సంచిలో పడి రైల్లో పోయింది. ఎవరికి పోయింది చెప్మా?" అన్నది. తప్పు దిద్దలేదు. పిల్ల చెప్పినదానికే రెండు మాటలు చేర్చి తిరిగి ఇచ్చినది, ఇంకొక మాటకు దారి తెరచినది. అడిగిన తరువాత తొందరపడక మనసులో అయిదు లెక్కపెట్టి ఆగినది. మనం సాధారణంగా ఒకటి లెక్కపెట్టకముందే జవాబు కూడా మనమే చెప్పివేస్తాము. ఆ అయిదు అంకెల మౌనంలోనే పిల్ల, "మా తాతకి. తాత ఊళ్ళో ఉన్నాడు. కాలు నొప్పి" అని మూడు వాక్యాలు చెప్పినది.

పిల్లలలో ఒకరు కడప యాస, ఒకరు శ్రీకాకుళం యాస, ఒకరు వరంగల్లు యాస. "పోయినాడు", "పోయిండు", "ఎల్లిపోనాడు" అన్నీ ఆ గదిలో చెల్లుతాయి. ఏ యాసకూ వెక్కిరింత లేదు. తండ్రి మాటను వెక్కిరిస్తే బిడ్డ మాట ఆగిపోతుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఆమెకే తెలుసు.

చివర పిల్లలందరూ ఉత్తరాలు "వ్రాసినారు". అన్నీ గీతలే, సున్నలే. ఒక్కొక్కరు తమ గీతలను చదివి వినిపించినారు. ఆ గీతలే వ్రాతకు మొదటి మెట్టు. తరువాత పేర్లకు చప్పట్లు: "ప-ల-క" మూడు, "బ-డి" రెండు. మాటను ముక్కలుగా వినగల చెవికి మన అక్షరమాల తరువాత సులభంగా పట్టుబడుతుంది. వ్రేళ్ళ ఎముకలింకా గట్టిపడని బిడ్డచేత పేజీలకు పేజీలు దిద్దించుట వలన ఏడుపు తప్ప మరేమీ రాదు.

ఇక ఇంటిభాష సంగతి. మన రెండు శాఖలలోనూ బదిలీ ఒక నిత్యసత్యం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్నవి. అక్కడి బిడ్డకు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, బడిలో ఇంగ్లీషు. నాలుగు భాషలతో పిల్లవాడు తికమకపడతాడని తల్లిదండ్రులు భయపడి, ఇంట్లో కూడా వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడటం మొదలుపెడతారు. ఇది పొరపాటు. పసివాడు రెండుమూడు భాషలను కలిపి మాట్లాడితే అది చెడిపోవుట కాదు, ఉన్న పనిముట్లన్నీ వాడుకొనుట. ఒక భాషలో కథ చెప్పగల బిడ్డ రెండవ భాషలో కూడా కథ చెప్పుట నేర్చుకొంటాడు. ఏ భాషలోనూ కథ చెప్పలేని బిడ్డకు ఏ మీడియమూ పనికిరాదు. కొత్త భాషకు కూడా ఆటయే మంచి గుమ్మం. మాట అర్థం కాకపోయినా కుర్చీల రైలు అర్థమవుతుంది, చేయి చాపి టిక్కెట్టు అడిగితే అర్థమవుతుంది, ఆ చేతతోపాటు మాట అంటుకొంటుంది.

ఇంగ్లీషు కోరుకొనే కార్మికుని మేము తప్పుపట్టడం లేదు. తాను ఎక్కలేని మెట్టు తన బిడ్డ ఎక్కవలెనని కోరుకొనుట నేరం కాదు. నిజం చెప్పవలెనంటే, మేమూ ఒకప్పుడు ఆ నర్సరీల ముందు దరఖాస్తు పట్టుకొని నిలబడినవారమే. కాని ఇంగ్లీషు నేర్పుట వేరు, మూడేళ్ళకే నోరు మూయించుట వేరు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా భావించి, వీలైనంతవరకు కనీసం అయిదవ తరగతి దాకా ఇంటిభాషలో బోధన ఉండవలెనన్నది. 2022లో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు కేంద్రం చేసినది. ఆ విధానంలోని ఇతర అంశాలపై మనకు ఎన్ని అభ్యంతరాలున్నా, ఈ మాట సరియైనది. కాగితం మీద ఉన్నదానిని గదిలోకి తెచ్చుట మిగిలియున్నది.

ఇది పరాయిదేశపు వేలంవెర్రి కాదని కూడా గుర్తుంచుకొనవలెను. న్యాయవాది వృత్తి విడిచిపెట్టిన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించి, బెత్తం లేని, ఆటపాటలతో నిండిన బడిని నడిపినాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డి గ్రామానికి వెళ్ళినది. పేదల వాడల పిల్లలు బడికి రాకపోతే బడినే వారి ముంగిటికి తీసుకొనిపోయినది. అంగన్‌వాడీ అనగా ముంగిలి బడి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనది. ఇప్పుడు దేశంలో సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నవి.

ఆ కేంద్రాలలో ఆట ఆడించవలసిన సోదరి పరిస్థితి ఏమిటి? వంట చూడవలెను, బరువు తూచవలెను, సర్వేలు చేయవలెను, ఫోనులో లెక్కలెక్కించవలెను. ఇన్నీ చేసినా ఆమె ఉద్యోగి కాదు, "గౌరవ" కార్యకర్త. 2018 అక్టోబరులో కేంద్రం తన వంతు గౌరవవేతనాన్ని 3,000 నుండి 4,500 రూపాయలకు పెంచినది. రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని తీర్పు చెప్పినది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ సోదరీమణులు ప్రారంభించిన సమ్మె 42 రోజులు సాగినది, వారిపై ఎస్మా కూడా ప్రయోగించబడినది. పిల్లల మాటకు పునాది వేసే మనిషి మాట ఎవరూ వినకపోతే ఆ పునాది ఎట్లా నిలుస్తుంది? వారి పోరాటానికి మన మద్దతు జాలితో ఇచ్చేది కాదు. అది మన బిడ్డల అవసరం.

కనుక ఈ తరగతి నుండి తిరిగి వెళ్ళే ప్రతి శాఖ ముందు అయిదు పనులు ఉంచుతున్నాము.

1. కాలనీ ఇన్‌స్టిట్యూట్‌లో గాని కమ్యూనిటీ హాలులో గాని ఉదయం మూడు గంటలు ఒక గదిని బాలవాడికి ఇప్పించండి. సాయంత్రం పేకాటకు తెరిచే తలుపు ఉదయం పిల్లలకు తెరవవచ్చును.

2. 50 మంది లేదా అంతకు మించిన ఉద్యోగులున్న సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండవలెనని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పినది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నిబంధన ఉన్నది. మీ యూనిట్‌లో అది ఉన్నదా? ఉంటే అందులో ఆటకు చోటున్నదా? తదుపరి చర్చల అజెండాలో చేర్చండి.

3. విద్యాభత్యం వెచ్చించే తల్లిదండ్రులు నర్సరీలో చేర్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు? రోజుకు ఎంతసేపు ఆట? ఇంటిభాష మాట్లాడనిస్తారా? ఈ వయసులో వ్రాత బలవంతమా? జవాబులు విన్న తరువాతే ఫీజు కట్టండి.

4. మీ ప్రాంతపు అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళండి. పాత కవర్లు, అట్టపెట్టెలు, బొమ్మలు ఇవ్వండి. కార్యకర్తల సంఘం ధర్నా చేస్తే మీ జెండా కూడా అక్కడ కనబడవలెను.

5. తండ్రులారా, ఇది మీకు. రన్నింగ్ డ్యూటీ నుండి, రాత్రి సార్టింగ్ నుండి అలసి వస్తారని తెలుసు. పనిగంటల కొరకు మనం చేసే పోరాటం నిద్ర కొరకు మాత్రమే కాదు, బిడ్డతో మాట్లాడే గంట కొరకు కూడా. విశ్రాంతి దొరికిననాడు పదిహేను నిమిషాలు ఫోను ప్రక్కన పెట్టి నేలమీద కూర్చోండి. బిడ్డ మిమ్ములను ప్రయాణికునిగా ఎక్కించుకొంటే ఎక్కండి. టిక్కెట్టు లేదంటే బ్రతిమాలుకోండి.

ఆ కీమన్ సోదరుడు మొన్న ఫోను చేసినాడు. కుమారుడు బడినుండి వచ్చి, "నాన్నా, నువ్వు పట్టాలు చూడకపోతే ఏమవుతుందో మా వాళ్ళందరికీ చెప్పాను" అన్నాడట. ఇరవై ఏళ్ళ సర్వీసులో తన పని విలువ గురించి అంత స్పష్టంగా మరెవరూ మాట్లాడలేదని ఆయన అన్నాడు. తండ్రి శ్రమను గౌరవంగా చెప్పగల నోరు ఆ బిడ్డకు వచ్చినది. ఆ నోటిని మూయించే బడికి మన సొమ్ము పోరాదు. దానిని తెరిపించే గది ప్రతి కాలనీలో ఉండవలెను. ఈ పనికి అందరూ పూనుకొనగలరని ఆశిస్తూ సెలవు తీసుకొంటున్నాము.